ప్రశ్నలు – జవాబులు: యేసు నామమున మనకున్న అధికారం

ప్రశ్న: మా శుక్రవారం ఉపవాస కూటంలో "అప్పుల ఆత్మను బంధిస్తున్నాను, జ్వరపు ఆత్మను బంధిస్తున్నాను" అని అందరూ గట్టిగా ప్రార్థిస్తారు. మత్తయి 18:18 ప్రకారం ఆ అధికారం మనకుందంటారు. నిజమేనా? – ఒక సోదరి, తణుకు

జవాబు: అధికారం ఉందమ్మా. కానీ ఆ వచనం చెప్పేది అది కాదు. 15వ వచనం నుంచి చదవండి. తప్పు చేసిన సహోదరుణ్ణి ఒంటరిగా గద్దించాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. బంధించడం, విప్పడం అన్న మాటలు ఆ వెంటనే వస్తాయి. యూదు బోధకుల వాడుకలో బంధించడమంటే 'ఇది కూడదు' అని తీర్చి చెప్పడం, విప్పడమంటే 'కూడును' అనడం. దయ్యాల ఊసు అక్కడ లేదు.

మీకు కావలసిన వచనం లూకా 10:19. "శత్రువు బలమంతటిమీదను మీకు అధికారము అనుగ్రహించియున్నాను" అన్నాడు ప్రభువు. గ్రీకులో ఇక్కడ రెండు వేరు మాటలున్నాయి. శత్రువుకున్నది దునామిస్, అంటే బలం. శిష్యులకిచ్చింది ఎక్సూసియా, అంటే అధికారం. పొలానికి జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాయించుకున్నవాడు పత్రంలో ఉన్న సర్వే నంబరు వరకే సంతకం పెట్టగలడు, అదీ యజమాని పేరు మీదే. గొంతు పెంచితే పొలం పెరగదు. పత్రమే లేనివాడి సంతకం అసలు చెల్లదు. ఎఫెసులో స్కెవ కుమారులు ఏడుగురు దయ్యాన్ని వెళ్లగొట్టడానికి "పౌలు ప్రకటించే యేసు" పేరు వాడారు. ఆ దయ్యం "మీరెవరు?" అని అడిగింది. వాళ్లు గాయాలతో, బట్టలు లేకుండా పారిపోయారు (అపొస్తలుల కార్యములు 19:13–16). అందుకే యాకోబు 4:7లో వరుస ముఖ్యం: ముందు "దేవునికి లోబడియుండుడి", తర్వాతే "అపవాదిని ఎదిరించుడి".

ప్రభువు పేతురు అత్త జ్వరాన్ని గద్దించాడు, నిజమే (లూకా 4:39). అంతమాత్రాన ప్రతి జ్వరమూ దయ్యం కాదు. 'అప్పుల ఆత్మ' అన్న మాటైతే బైబిల్లో ఎక్కడా లేదు. చీటీ పాడి ఖర్చుపెట్టేసిన డబ్బుకు కావలసింది పశ్చాత్తాపం, ఖర్చుల లెక్క, తీర్చే దారి చూపమని విన్నపం.

ప్రశ్న: మరి శ్రమ వచ్చినప్పుడు ఏ వరుసలో ప్రార్థించాలి?

జవాబు: అపొస్తలుల కార్యములు 4:24–30 తెరిచి పెట్టుకోండి. పేతురు, యోహాను బెదిరింపులు తిని వచ్చాక సంఘం చేసిన ప్రార్థన అది. ఏడు వచనాల్లో మొదటి ఐదూ దేవుడెవరో, ఆయన ముందే ఏం చెప్పాడో ఒప్పుకోవడమే. రెండవ కీర్తన మాటలనే ఆయనకు తిరిగి వినిపించారు. అడిగింది చివరి రెండు వచనాల్లోనే: ధైర్యంగా వాక్యం చెప్పే శక్తి, స్వస్థతలు, సూచకక్రియలు. శత్రువులను తీసేయమని అడగలేదు.

మీరూ అలాగే చేయండి. సమస్యకు తగిన వాక్యం ఒక్కటి ఎంచి పైకి చదవండి. ఒప్పుకోవలసిన పాపం ఉంటే ఒప్పుకోండి. అప్పుడు అవసరాన్ని పేరుపెట్టి చెప్పండి: "అమ్మకు ఈ రాత్రి ఆయాసం తగ్గించు తండ్రీ" అన్నట్టు. నిజంగా దురాత్మ పీడ ఉన్నచోట ఒక్క వాక్యం చాలు. ఫిలిప్పీలో పౌలు పలికింది అంతే (అపొ. 16:18). ఎక్కువమంది తడబడేది ఇక్కడే: ఆజ్ఞ దురాత్మకు, విన్నపం దేవునికి. రెండూ కలిపేసి "ప్రభువా, ఇప్పుడే చేయాలి" అని తండ్రికే ఆజ్ఞాపిస్తాం. సాతానును తిట్టడం కూడా వద్దు. ప్రధానదూత మిఖాయేలే "ప్రభువు నిన్ను గద్దించును గాక" అని ఊరుకున్నాడు (యూదా 9).

ప్రశ్న: ప్రార్థించినా జబ్బు తగ్గలేదంటే నా విశ్వాసం చాలనట్టేనా?

జవాబు: కాదు. పౌలు తన శరీరంలోని 'ముల్లు' అనే బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు, అది తొలగలేదు. తన సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). సంఘపెద్దలను పిలిపించి నూనె రాయించి ప్రార్థన చేయించుకోండి (యాకోబు 5:14). బీపీ, షుగరు, మూర్ఛ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పేవరకు ఒక్కపూట కూడా ఆపకండి.