మాంచెస్టర్‌లో ఫ్లాట్ తీసుకునే ముందు అద్దె కాదు, హీటర్ చూడు

తమ్ముడూ, నువ్వు పంపిన రెండు ఫ్లాట్ల వివరాలూ చూశాను. డీన్స్‌గేట్ దగ్గర అద్దాల టవర్‌లో ఒకటి, ఆంకోట్స్‌లో పాత నూలు మిల్లును ఫ్లాట్లుగా మార్చిన దాంట్లో ఇంకొకటి. రెండోది నెలకు 1,100 పౌండ్లే కాబట్టి అదే ఖాయం చేస్తానన్నావు. తొందరపడకు. ఇక్కడ అద్దె ఒక్కటే చూసి ఇల్లు తీసుకుంటే చేతిలో డబ్బు నిలవదు.

మేం వచ్చిన కొత్తలో అచ్చం ఇలాగే చవగ్గా ఉందని చేరిపోయాం. ఆ ఇంట్లో గ్యాస్ లేదు. గోడలకు స్టోరేజ్ హీటర్లు ఉండేవి. వాటి లోపల ఇటుకలుంటాయి. ఎకానమీ 7 టారిఫ్‌లో రాత్రి ఏడు గంటలు కరెంటు చవక, ఆ టైంలో ఇటుకలు వేడెక్కి పగలంతా ఆ వేడి వదలాలి. పైన రెండు నాబ్‌లు. రాత్రి ఎంత వేడి నింపుకోవాలో ఒకటి చెబుతుంది, ఎంత వదలాలో రెండోది. మాకు చెప్పినవాళ్ళు లేరు, రెండూ చివరిదాకా తిప్పేశాం. మేం నిద్రలో ఉండగానే వేడంతా అయిపోయేది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు గడ్డకట్టి ఉండేది. ఇక మామూలు ప్లగ్ హీటర్ పెట్టుకునేవాళ్ళం, అదీ పగటి రేటుకి! ఆ టారిఫ్‌లో పగటి రేటు చాలా ఎక్కువ. బిల్లు వచ్చిన రోజు మా ఆయనకు అన్నం సహించలేదు. అది ఊళ్ళో అప్పు వాయిదాకి పంపాల్సిన డబ్బు.

ఆ భయంతో కిటికీలన్నీ బిగించేసి, ఉతికిన బట్టలు గదిలోనే ఆరేశాను. గోడలు చెమ్మగిల్లాయి. బయటి గోడకు ఆనించిన బీరువా జరిపితే వెనకంతా నల్లటి బూజు, లోపల నా పెళ్ళి పట్టుచీర అంచుకీ అదే. ఖాళీ చేసేటప్పుడు గోడకు రంగు వేయించాలంటూ ఏజెంటు డిపాజిట్‌లో కోత పెట్టాడు. ఆ గోడ మేం చేరకముందే మరకలతో ఉంది, కానీ మా దగ్గర ఒక్క ఫోటో లేదు. నువ్వు తాళం తీసుకున్న రోజే ప్రతి గోడా, బీరువాల వెనక, కిటికీ మూలలూ ఫోటోలు తీసి ఏజెంటుకు మెయిల్ పెట్టు.

రూల్స్ ప్రభుత్వ సైటులో ఉన్నాయి, చదువుకో. డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు, 1,100కి అది దాదాపు 1,269 పౌండ్లు. 30 రోజుల్లోగా ఓనరు దాన్ని ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీమ్‌లో పెట్టాలి, కోత మీద అక్కడ ఉచితంగానే గొడవ పెట్టుకోవచ్చు. లిఫ్టు, మెట్ల లైట్లకయ్యే సర్వీస్ ఛార్జి ఓనరుదే. హైదరాబాద్‌లో మెయింటెనెన్స్ కట్టి అలవాటైన మనవాళ్ళు అడగ్గానే ఇచ్చేస్తారు, ఇవ్వకు.

కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఊరి కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను, మాత్రం నీదే. ఇంటి విలువను బట్టి బ్యాండులుంటాయి, నీది ఏదో ముందే కనుక్కో, అద్దెకు కలిపి లెక్క వేసుకో. మరదలు వచ్చేదాకా ఒక్కడివే ఉంటావు కదా, 25 శాతం తగ్గిస్తారు. అడగకపోతే ఇవ్వరు.

టవర్‌లోనూ గ్యాస్ ఉండకపోవచ్చు, కరెంటు ప్యానెల్ హీటర్లయితే అవీ బాగా తాగేస్తాయి. ప్రభుత్వ సైటులో అడ్రసు కొడితే ఈపీసీ, అంటే ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత తింటుందో చెప్పే సర్టిఫికెట్, ఉచితంగా కనిపిస్తుంది. అందులో వేడి దేనితో వస్తుందో, కిటికీలకు ఒక అద్దమా రెండా, అన్నీ రాసి ఉంటాయి. అందులో ఏ నుంచి జీ దాకా రేటింగ్ ఇస్తారు, సీ గానీ అంతకన్నా మంచిది గానీ వచ్చినదే చూడు. ఈ కొత్త పిల్లలు జిమ్ ఉందా, పైనుంచి వ్యూ ఎలా ఉంది అని చూస్తారు. మేం ఈ లెక్కలన్నీ నేర్చుకున్నాకే పైసా పైసా మిగిల్చి ఇక్కడ సొంతిల్లు కొనుక్కోగలిగాం.

శనివారం చూడ్డానికి వెళ్ళినప్పుడు బీరువా జరిపి చూడు, ఏజెంటు ఏమనుకున్నా సరే. ఇప్పుడు ఉంటున్నవాళ్ళు కనిపిస్తే జనవరి బిల్లు ఎంతొచ్చిందో అడుగు. హీటర్ ఫోటో నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా హోల్డింగ్ డిపాజిట్, అదే ఫ్లాటు మనకోసం ఆపి ఉంచడానికి ముందుగా కట్టే డబ్బు, కట్టకు.