సైబర్ సెక్యూరిటీ అంటే రాత్రి డ్యూటీలేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతోంది. సైబర్ సెక్యూరిటీలోకి వెళ్తానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు తొంభై వేలు అడుగుతున్నారు. అది మగపిల్లల లైను, రాత్రి డ్యూటీలు ఉంటాయని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: ముందు డ్యూటీల సంగతి. సాక్‌లో, అంటే దాడుల మీద ఇరవై నాలుగు గంటలూ కన్నేసి ఉంచే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో, ఫ్రెషర్లు చేరే ఎల్1 అనలిస్ట్ ఉద్యోగానికి షిఫ్టులు ఉంటాయి. షిఫ్టు ఎన్నాళ్లకు మారుతుంది, రాత్రి క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా అని హెచ్ఆర్‌ను అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అయితే ఈ రంగమంతా సాక్ కాదు. సమాచార భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 27001 ఆడిట్లు, వెబ్ అప్లికేషన్ టెస్టింగ్, కంప్లయన్స్ (నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూడటం) చాలావరకు పగటి పనులే. మగపిల్లల లైను అన్న మాటను మాత్రం బంధువులకే వదిలేయండి.

తొంభై వేలు ఇప్పుడు కట్టొద్దు. ఇలాంటి కోర్సులు చాలావరకు సెక్యూరిటీ పరీక్షల కోసం చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ కాలీ లైనక్స్‌లో టూల్స్ వరసగా నడిపి చూపించడంతో సరి. ఇంటర్వ్యూలో పిల్లలు దొరికిపోయేది టూల్ పేరు రాక కాదు, వెబ్‌సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్ నంబరుగా మార్చే డీఎన్ఎస్ ఎలా పనిచేస్తుందో చెప్పలేక. మొదటి మూడు నెలలు నెట్‌వర్కింగ్, లైనక్స్ మీదే కూర్చోమనండి. ఓవర్‌ద‌వైర్ సైట్‌లోని 'బ్యాండిట్' ఆట ఉచితం, లైనక్స్ కమాండ్లు చేతికి అలవాటవుతాయి. వెబ్ సెక్యూరిటీకి పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల అకాడమీ ఉంది, అదీ ఉచితమే.

ఆ తర్వాత, కంప్యూటర్‌లో జరిగేవి నమోదయ్యే లాగ్‌లు చదవడం. అసలు ఉద్యోగం ఇక్కడుంది. విండోస్ లాగ్‌లో 4625 అనే ఈవెంట్ నంబరు అంటే లాగిన్ విఫలం, 4624 అంటే సఫలం. ఒకే ఐపీ నుంచి రెండు నిమిషాల్లో నలభై 4625లు, వెంటనే ఒక 4624 పడ్డాయనుకోండి. 'పాస్‌వర్డ్ దొరికిపోయింది' అంటే సగం జవాబే. లాగిన్ ఏ దారిలో జరిగిందో చెప్పే లాగాన్ టైప్ చూడాలి: 10 అయితే దూరం నుంచి కంప్యూటర్‌ను వాడే రిమోట్ డెస్క్‌టాప్, 3 అయితే నెట్‌వర్క్. ఎన్ఎల్ఏ (డెస్క్‌టాప్ తెరవకముందే పాస్‌వర్డ్ తనిఖీ చేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే విఫలమైన రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నాలూ 3గానే పడతాయి, కొత్తవాళ్లు తప్పులో కాలేసేది అక్కడే. లోపలికొచ్చాక ఆ ఖాతా ఏం చేసిందో కూడా చెప్పగలగాలి. లాగ్‌లు సేకరించి హెచ్చరించే వాజూ అనే ఉచిత టూల్ పెట్టుకుని ఇలాంటివి ఇంట్లోనే సృష్టించి, ఒక్కోదానికి ఒక పేజీ రిపోర్టు రాసి, పనిని అందరికీ చూపించే సైట్ గిట్‌హబ్‌లో పెడితే, రెజ్యూమెలో ఆ తొంభై వేల సర్టిఫికెట్ కన్నా బరువు.

దీనికి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి, 8 జీబీతో రెండు వర్చువల్ మెషీన్లు (ల్యాప్‌టాప్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడపబోతే నత్తనడకే. వాటిని నడిపే వర్చువల్‌బాక్స్‌లో 64-బిట్ ఆప్షన్ కనిపించకపోతే ముందు కంప్యూటర్ స్టార్టప్ సెట్టింగులైన బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ అయి ఉందో లేదో చూడాలి. లోపాలున్న ప్రాక్టీస్ మెషీన్‌ను బయటికి దారి లేని హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లోనే ఉంచాలి. బ్రిడ్జ్‌డ్‌లో పెడితే అది ఇంటి వైఫైలోకి వచ్చేస్తుంది.

ఈసీఈ అని చిన్నబుచ్చుకోవద్దు. రిఫైనరీ, స్టీల్‌ప్లాంట్, పోర్టు ఉన్న ఊరు మన విశాఖ. అలాంటి చోట్ల యంత్రాలను నడిపే పీఎల్‌సీలు, వాటిని ఒకచోటి నుంచి చూసే స్కాడాల రక్షణను ఓటీ సెక్యూరిటీ అంటారు. ఆ యంత్రాలు మాట్లాడుకునే పాత మోడ్‌బస్ ప్రోటోకాల్‌లో పాస్‌వర్డ్ తనిఖీ అన్నదే లేదని సీఎస్ఈ వాళ్లకన్నా ఈమెకు త్వరగా బుర్రకెక్కుతుంది. ఫ్రెషర్లకు అందులో ఖాళీలు తక్కువ గనుక రెండు మూడేళ్ల తర్వాతి గురిగా పెట్టుకోవాలి. ఐటీ కంపెనీలున్న రుషికొండ, మధురవాడల్లో వెతకండి, కానీ మొదటి ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లాల్సి రావచ్చు. విశాఖకు డేటా సెంటర్లు వస్తాయన్న వార్తలు చూసి ఇక్కడే కూర్చోవడం నాకు నచ్చదు.

నాలుగో ఏడాదిలో కాంప్‌టియా సంస్థ సర్టిఫికెట్ పరీక్ష సెక్యూరిటీ ప్లస్ రాయించండి. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900కి 750 రావాలి.

ఒక్క విషయంలో గట్టిగా చెప్పండి: సరదాకైనా కాలేజీ వెబ్‌సైట్ మీద చేయి పెట్టకూడదు. రాతపూర్వక అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చేరేముందు పోలీసు వెరిఫికేషన్ అడిగే కంపెనీలూ ఉంటాయి.