ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే ఫీజు ఉండదా?

ప్రశ్న: నేను బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేశాను. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ అధ్యయనాలు, సస్టైనబిలిటీ సైన్స్‌లో మాస్టర్స్ చేయాలని ఉంది. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం కనుక ఫీజు ఉండదని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. నిజమేనా? నా చదువుకు ఆ కోర్సు సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందుగా ఫీజు సంగతి తేల్చుకోవాలి. లుండ్ 1666లో ఏర్పడిన ప్రభుత్వ విశ్వవిద్యాలయమే కానీ, ఐరోపా యూనియన్‌కు, దానితో ఒప్పందాలున్న కొన్ని ఐరోపా దేశాలకు వెలుపలి విద్యార్థులందరూ 2011 నుంచి అక్కడ ట్యూషన్ ఫీజు చెల్లించవలసిందే. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేనిది జర్మనీలో; కన్సల్టెన్సీ వారు బహుశా ఆ మాటను స్వీడన్‌కు అంటగట్టారు. ఆ జర్మనీలోనూ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మన విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. లుండ్ ఇచ్చే గ్లోబల్ స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు పూర్తిగానో కొంత భాగమో తగ్గుతుంది తప్ప, తిండికి, గదికి ఏమీ రాదు. నివాస అనుమతి కోసం నెలకు 10 వేల క్రోనాలకు (స్వీడన్ కరెన్సీ) పైగా ఖర్చు పెట్టుకోగలమని ఆధారం చూపించాలి. ఇంట్లో వారితో కూర్చుని రెండేళ్ల లెక్క వేసిన తరువాతే దరఖాస్తుకు పూనుకోండి.

ఇక చదువు విషయం. 1997లో మొదలైన ఈ కోర్సు రెండేళ్లు, 120 క్రెడిట్లు. బోధన ఆంగ్లంలోనే సాగుతుంది. ఏ సబ్జెక్టులో డిగ్రీ చేసినవారినైనా తీసుకుంటారు కనుక మీ చదువు అడ్డు కాదు. అయితే ఇది ప్రయోగశాల చదువు కాదన్న సంగతి గ్రహించండి. భూమి, వాతావరణ వ్యవస్థలతో పాటు సామాజిక సిద్ధాంతం, ఆర్థికం, పాలన కూడా చదవాలి. మీ జిల్లా చీనీ (బత్తాయి) తోటలనే చూడండి: బోరు ఎండితే రైతు అప్పు చేసి మరింత లోతుకు వేయిస్తాడు, 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కనుక మోటారు నడపడానికి ఖర్చు ఉండదు, డ్రిప్‌తో మిగిలిన నీటితో మరో ఎకరం సాగులోకి వస్తుంది, చివరికి భూగర్భ జలం అక్కడే తగ్గుతుంది. భూగర్భ జల నిపుణుడు నీటిమట్టాన్ని, వ్యవసాయ శాస్త్రవేత్త పంటను చూస్తే, అప్పు, విద్యుత్ విధానం, చీనీ ధర, నీరు ఒకదానినొకటి ఎలా నడిపిస్తున్నాయో వెదకడం ఈ శాస్త్రం పని. ఆ వెదుకులాట మీకు రుచించకపోతే, నేల శాస్త్రంలోనో జల శాస్త్రంలోనో ఎమ్మెస్సీ చేయడమే మేలని నా అభిప్రాయం. రుచిస్తే మాత్రం, మీ ఉద్దేశాన్ని రాసి పంపే వ్యాసంలో భూగోళాన్ని కాపాడాలనే పెద్ద మాటలు మాని, మీరు కళ్లారా చూసిన ఒక ఊరి బోర్ల గురించే రాయండి.

దరఖాస్తు స్వీడన్ జాతీయ పోర్టల్ ద్వారా పంపాలి. రుసుము 900 క్రోనాలు, గడువు సాధారణంగా జనవరి మధ్యలో ముగుస్తుంది. గరిష్ఠంగా 4 మాస్టర్స్ కోర్సులను ప్రాధాన్య క్రమంలో పెట్టవచ్చు కానీ, పైన ఉన్నదానిలో సీటు వస్తే దిగువవి వాటంతట అవే రద్దవుతాయి కనుక, ఈ కోర్సే కావాలనుకుంటే దీన్నే మొదట పెట్టండి. ఆంగ్ల పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 5.5కు తగ్గకుండా రావాలి. స్వీడన్‌లోనే ఉద్యోగం చేయాలనుకుంటే చాలా చోట్ల స్వీడిష్ అడుగుతారు కనుక, ఆ భాషను మొదటి సెమిస్టరు నుంచే నేర్చుకోవడం మంచిది.