సమానత్వం అధికరణాల్లోది, ఉజ్జీ ఆటలోది

‘సమానత్వం’ అనే మాట ఎలా పుట్టింది, దానికి అచ్చ తెలుగులో మాటే లేదా అని అడిగారు.

పుట్టుక సంగతి తేలికే. సంస్కృతంలోని ‘సమ’ దాని వేరు. ఇంగ్లీషువారి ‘సేమ్’, గ్రీకుల ‘హోమోస్’ కూడా ఆ వంశానివే. ‘సమాన’కు ‘త్వం’ తగిలిస్తే సమానత్వం, ‘సమ’కు ‘త’ తగిలిస్తే సమత. రాజ్యాంగంలో 14 నుంచి 18 వరకు ఉన్న అధికరణాలను మనం సమానత్వ హక్కు అంటున్నాం, హిందీవారు ‘సమతా కా అధికార్’ అని రాసుకున్నారు. పొట్టిది వాళ్లు పట్టుకుపోయారు, బరువైనది మనకు మిగిలింది. మన అనువాదకులకు చివర ‘త్వం’ లేకపోతే మాట పూర్తయినట్టే అనిపించదు!

తెలుగు మాటలంటారా, సరి, సాటి, ఈడు, జోడు, కావలసినన్ని ఉన్నాయి. ‘సరిహద్దు’లో ఉన్న సరిని మాత్రం ఈ లెక్కలో వేయకండి, అది పారసీకపు ‘సర్‌హద్’కు మనం తొడిగిన చొక్కా. నా ఓటు ‘ఉజ్జీ’కి. ‘సమ ఉజ్జీ’ అని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఉజ్జీ అంటేనే సమానుడు, మళ్లీ ముందు ఆ ‘సమ’ దేనికి?

కబడ్డీకి జట్లు పంచుకునేటప్పుడు నాయకులిద్దరూ ఒకచోట కూర్చునేవారు. బలంలో సరితూగేవాళ్లు ఇద్దరిద్దరు జతకట్టి, పక్కకు పోయి దొంగపేర్లు పెట్టుకుని, భుజాల మీద చేతులు వేసుకుని వచ్చేవారు. నాయకుడు ఒక పేరు కోరితే ఆ పేరువాడు అటు, రెండోవాడు ఇటు. అంటే ఉజ్జీలు ఎన్నడూ ఒక జట్టులో ఉండరు. నీకు సమానుడు ఎవరయ్యా అంటే, గీతకు అవతల నీకు ఎదురుగా నిలబడేవాడు. ఇంత కచ్చితమైన అర్థం ఏ నిఘంటువు చెబుతుంది?

నాకప్పుడు 9 ఏళ్లు, ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడిని. ఒకరోజు అందరూ జతలైపోయారు. నేను బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడ్డాను. ఆలస్యంగా వచ్చిన ఒక పొడుగాటివాడు నేరుగా నా దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“వీడు నీకు ఉజ్జీ ఏమిటిరా?” అని నాయకులిద్దరూ గొడవ.

“నాకు ఉజ్జీయే. పేర్లు కూడా పెట్టుకున్నాం” అన్నాడు వాడు. అప్పటికి ఏమీ పెట్టుకోలేదు. చెట్టు చాటుకు తీసుకువెళ్లి, “నువ్వు పులి, నేను పిల్లి” అని చెవిలో చెప్పాడు.

తిరిగి వచ్చి, “పులి కావాలా, పిల్లి కావాలా?” అని అడిగాం. “పులి!” అని అరిచాడు మొదటి నాయకుడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. అతని ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

తొలి కూతకు నన్నే పంపారు. గీత దాటి నాలుగు అడుగులు వేశానో లేదో, కాలు పట్టుకుని పడేసింది ఆ పిల్లే.