ట్రెయిలర్ పలకలు ముందు చివరనే కుళ్ళిపోతుంటే

మూడేళ్ల క్రితం ట్రెయిలర్ నేలకు వేసిన ట్రీటెడ్ పైన్ (కుళ్ళకుండా రసాయనం ఎక్కించిన చెక్క) పలకలు మధ్యలో గట్టిగానే ఉండి ముందు చివర మాత్రమే మెత్తబడ్డాయని మీరు రాశారు కనుక, కొలతకు కోసిన చివరలకు మందు పూయకపోవడమే కారణమై ఉండాలి. ఒత్తిడితో ఎక్కించిన రసాయనం చాలా పలకల్లో నడిమి దాకా చేరదు. కోసిన చోట పచ్చని అంచు లోపల పసుపుపచ్చని చెక్క కనిపిస్తుంది, పలకల చివరలను పట్టి ఉంచే ఇనుప యాంగిల్ (L ఆకారపు పట్టీ) కింద నిలిచిన నీటిని పీల్చేది ఆ భాగమే.

1. పాత పలకలు తీశాక యాంగిల్ లోపలి మట్టిని గీకి, తుప్పు వదిలించి, రంగు వేయండి.

2. కొత్త పలకను కోసిన వెంటనే చివరలకూ స్క్రూ రంధ్రాలకూ కాపర్ నాఫ్తినేట్‌ను (చెక్క కుళ్ళకుండా పూసే రాగి మందు), చెక్క ఇక పీల్చుకోనంత వరకు, బ్రష్‌తో పూయండి. చాలామంది వదిలేసేది ఈ పనే. పలక యాంగిల్ కిందికి దూరాక ఆ చివర మళ్ళీ చేతికి అందదు.

3. సాదా స్క్రూలు వద్దు. పలకకు ఎక్కించిన రసాయనంలోని రాగి వాటిని త్వరగా తుప్పు పట్టిస్తుంది. ట్రెయిలర్ ఫ్లోర్ కోసం అమ్మే, పూత ఉన్నవి వాడండి.

4. లిన్సీడ్ (అవిసె) నూనె వంటి పైపూతకు తొందరపడకండి. కొత్త పలకలు తరచుగా తడిగానే వస్తాయి. చల్లిన నీటి చుక్కలు నిలవకుండా ఇంకిపోయినప్పుడే పూయండి. లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా వదిలితే వాటంతటవే అంటుకోగలవు కనుక, ఆరుబయట పరచి ఆరనివ్వండి.