పాలు పడని బిడ్డకు మళ్లీ పాలే వెతకడం ఎందుకు?

మీ ఏడాదిన్నర పాపకు పాల అలర్జీ అని డాక్టరు చెప్పారనీ, ఇప్పుడు మేకపాలు పట్టాలా, బాదం పాలు పట్టాలా అనీ అడిగారు. రెండూ వద్దంటాను. మా అబ్బాయికీ ఇదే అలర్జీ. వాడి పుణ్యమా అని బజారులో దొరికే ప్రతి డబ్బా మీద ఉన్న చిన్న అక్షరాలు నాకు కంఠతా వచ్చేశాయి.

మేకపాలను ముందే పక్కన పెట్టేయండి. ఆవు, గేదె, మేక పాలలోని ప్రొటీన్లు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. ఆవుపాలు పడని పిల్లల్లో నూటికి తొంభై మందికి మేకపాలూ పడవు. ‘గాంధీగారు తాగలేదా?’ అని మా మామగారు చాలాకాలం వాదించారు. గాంధీగారికి అడ్డం వచ్చింది ఆవు, గేదె పాలు ముట్టనన్న వ్రతం. మా వాడికి వ్రతాలేమీ లేవు, దద్దుర్లు ఉన్నాయి.

గాజు సీసాల్లో దేశవాళీ ఆవుపాలు తెచ్చే అతను కూడా మీ ఇంటి తలుపు తడతాడు, చూస్తూ ఉండండి. ‘ఏ2 పాలమ్మా, ఏ అలర్జీ రాదు’ అంటాడు. అలర్జీ తెచ్చే పాల ప్రొటీన్లు కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ రెండూ ఏ2 పాలలోనూ ఉన్నాయి. ఏ1 అనే మామూలు రకానికీ దీనికీ తేడా అంతా ఒక రకం కేసీన్‌లో మారిన ఒకే ఒక్క అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్ గొలుసులో ఒక్క పూస. 2024 ఆగస్టులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ ఏ1, ఏ2 ప్రచారాన్ని ప్యాకెట్ల మీద నుంచి తీసేయమంది. వారం తిరగకుండానే ఆ ఆదేశాన్ని తానే వెనక్కి తీసుకుంది. ఇక పాలబ్బాయిని ఏమని తప్పుపట్టాలి? లాక్టోజ్ లేని పాలదీ ఇదే కథ. అందులో తగ్గించింది పాల చక్కెరను మాత్రమే. మన పిల్లలకు పడనిది ప్రొటీన్, అది అలాగే ఉంటుంది.

అసలు జాగ్రత్త పడవలసింది పాల విషయంలో కాదు, చుట్టాల విషయంలో. మా చిన్నత్తగారు ఊరి నుంచి జున్నుపాలు తెచ్చారు. వాళ్ల గేదె ఈనిందట. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరికి పెడితే ఇల్లంతా ఘుమఘుమలాడింది. బాబుకు పాలు పడవని ఆవిడకు తెలుసు, నేను మళ్లీ చెప్పాను కూడా. ‘ఇది పాలు కాదు కదమ్మా, జున్ను. చిన్న ముక్కకు ఏమవుతుంది?’ అన్నారు. వద్దు అత్తయ్యగారూ అని చెప్పి, గ్యాస్ బండ తెచ్చిన అతనికి డబ్బులిచ్చి వచ్చేసరికి వాడి మూతికి బెల్లం రంగు. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, మెడ నిండా దద్దుర్లు లేచాయి, వాంతి చేసుకున్నాడు, గొంతులో ఈల లాంటి చప్పుడు. మా ఆయన స్కూటరు తీశారు. సందు చివరి నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరు ఒక్క ప్రశ్న అడిగి తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. కాసేపటికి వాడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు అంత బాగుంటుందని అప్పుడే తెలిసింది.

మామూలు పాలతో పోలిస్తే ఈనిన వెంటనే తీసిన పాలలో ప్రొటీన్ నాలుగు రెట్లుంటుంది. తోడు వేయకుండానే ఆవిరికి గడ్డకట్టేది అందుకే. ఆ రాత్రి ఆసుపత్రికి పలకరించడానికి వచ్చిన ఇంకో బంధువు, పోనీ గాడిద పాలు పట్టించండి అన్నారు. వీధుల్లో గాడిదను తోలుకొచ్చి అప్పటికప్పుడు పితికి ఉగ్గుగిన్నెతో అమ్ముతారే, అవి. తల్లిపాలకు దగ్గరగా ఉంటాయన్నది కొంత నిజమే. కానీ వాటిలో కొవ్వు బాగా తక్కువ, పైగా కాచకుండా పడతారు. నా బిడ్డకు నేను పట్టను.

ఇక బాదం పాలు. ప్యాకెట్‌లో వచ్చేది గ్లాసుడు తాగితే ఒక గ్రాము ప్రొటీన్ దక్కడం గొప్ప. గ్లాసు ఆవుపాలలో ఏడెనిమిది గ్రాములుంటుంది. ఆ డబ్బుతో కందిపప్పు కొనుక్కోండి. బియ్యం పాలు అసలే వద్దు, ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటుందన్న భయంతో బ్రిటన్‌లో ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దంటారు. ఏడాది నిండని పసివాళ్ల సంగతి వేరు. వాళ్లకు తల్లిపాలు, లేదా డాక్టరు రాసిన ప్రత్యేక డబ్బా పాలే, ధర చూసి కళ్లు తిరిగినా సరే.

ఏడాది దాటిన పిల్లకు కావలసింది తెల్లటి ద్రవం కాదు, అన్నం. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం చాలంటుంది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. 30 గ్రాముల రాగిపిండితో జావ కాస్తే వంద వస్తుంది. పెద్ద చెంచాడు నువ్వుల పొడి పప్పన్నంలో కలిపితే మరో వంద దాకా. మునగాకు, ముళ్లతో సహా నమిలే నెత్తళ్లు ఉండనే ఉన్నాయి. ఇందులో కొంత ఒంటికి పట్టదు కాబట్టి కాల్షియం కలిపిన సోయా పాలు ఒక గ్లాసు ఇస్తాను. కాల్షియం అడుగున పేరుకుంటుంది, ప్యాకెట్ బాగా ఊపండి. సోయా, నువ్వులు కూడా కొందరికి పడవు, డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. విటమిన్ డి, బి12 సంగతీ అప్పుడే అడగండి.

బిస్కెట్లు, రస్కుల ప్యాకెట్లు చదవడం అలవాటు చేసుకోండి. పాలు ఉంటే రాయాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో ఉంది. మిఠాయి దుకాణంలో విడిగా తూచి ఇచ్చే వాటికి ఏ లేబులూ ఉండదు, అటువైపు వెళ్లకండి.

మన ఇళ్లలో నిజంగా కష్టం పాలతో కాదు, పెరుగుతో. అందరూ ఆఖరున పెరుగన్నం కలుపుకుంటుంటే పిల్లవాడు ఊరుకోడు. మీ పాపకు వేరుశనగ పడుతుందని తేలితే ఇలా చేయండి. గుళ్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడగట్టి, ఆ పాలు బాగా మరిగించండి. గోరువెచ్చగా అయ్యాక కడిగిన పచ్చిమిరప తొడిమలు నాలుగైదు వేసి రాత్రంతా వదిలేయండి. మొదటి విడత పెరుగు తోడుకే, దానితో తోడు వేసిన రెండో విడత తినడానికి. ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టకపోతే పల్లీ వాసన తెలుస్తుంది. మా వాడు ఆ వాసన పట్టించుకోడు, తాలింపు కావలసింది మా ఆయనకు.