కళ్ళు తెరవని కుక్కపిల్లలు దొరికితే: ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో తల్లికుక్క లారీ కింద పడి చనిపోయిందని, కళ్ళు తెరవని నాలుగు పిల్లల్ని ఇంటికి తెచ్చారని, ఇంకుఫిల్లర్‌తో ప్యాకెట్ పాలు పడితే ఒకదానికి పొట్ట ఉబ్బి మూలుగుతోందని రాశారు. దయచేసి పాలు వెంటనే ఆపండి. ఈ పూటకి వాటికి ఆకలికంటే చలితోనే ఎక్కువ ప్రమాదం.

ఈ వయసు పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి వారంలోనైతే వణకడం కూడా రాదు కాబట్టి చలేస్తున్న సంగతి పైకి తెలియదు. ఒళ్ళు చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది. లోపలికి పోయిన పాలు అరగక పులిసి, గ్యాస్ పట్టి, పొట్ట డప్పులా ఉబ్బుతుంది. మీ పిల్లకి బహుశా ఇదే జరిగింది.

మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్ కొనకు కాస్త వాజిలిన్ రాసి, మలద్వారంలో ఒక సెంటీమీటరు లోపలికి మాత్రం పెట్టి చూడండి. 95 ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే పాలు పట్టకూడదు. అంకె బదులు ఎల్ అని చూపిస్తే థర్మామీటర్ పాడైందనుకోకండి, అది కొలవలేనంతగా ఒళ్ళు చల్లబడిందని అర్థం. గోరువెచ్చని నీళ్ళ సీసాని తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కనే పెట్టండి, వేడెక్కువైతే పిల్ల రెండో పక్కకి పాకిపోవాలి. ఎల్ఈడీ బల్బుతో పని జరగదు, పాతరకం 60 వాట్ల బల్బు కావాలి. గంట నుంచి మూడు గంటలు పట్టినా సరే, నెమ్మదిగానే వెచ్చచేయండి. వేడినీళ్ళలో ముంచడం ప్రాణాంతకం. ఈలోగా గ్లూకోజు నీళ్ళు వేలితో చిగుళ్ళకి రాయండి. మే నెలలో అయితే మన బెజవాడలో ఈ బల్బు, సీసా ఏవీ వద్దు, ఆ వేడికే పిల్లలు సొమ్మసిల్లుతాయి.

ఒళ్ళు వెచ్చబడ్డాక చిటికెన వేలు నోట్లో పెట్టండి. గట్టిగా చప్పరిస్తేనే పాలు. చప్పరించని పిల్లకి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక ఏ పాలు? గేదెపాలు చిక్కగా ఉంటాయి కదా అంటారు. వెన్న సరిపోవచ్చుగానీ, మాంసకృత్తులు కుక్కపాలలో ఉండేదాంట్లో దాదాపు సగమే, లాక్టోజు మాత్రం ఎక్కువ. విరేచనాలు అందుకే. చిక్కగా ఉన్నాయని నీళ్ళు కలిపితే ఉన్న పోషణ కూడా పోతుంది. పెట్ షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి అడగండి. అది దొరికేదాకా ఒక రాత్రికి మాత్రం పావు లీటరు పాలలో రెండు గుడ్ల పచ్చసొన కలిపి గడపొచ్చు.

వంటింటి కాటా మీద తూచి, 100 గ్రాముల బరువుకి పూటకి 4 మిల్లీలీటర్లు మించకుండా, మూడు గంటలకోసారి పట్టండి, రాత్రిళ్ళు కూడా. పిల్లని పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టొద్దు. బోర్లా ఉంచి, తల కొంచెమే పైకెత్తాలి. పాలసీసా తలకిందులు చేస్తే పాలు బొట్లుగా పడాలి, ధారగా కాదు. ముక్కులోంచి పాలొస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవండి. తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఎగశ్వాస కనిపిస్తే న్యుమోనియా అని అనుమానించాలి.

ప్రతిసారీ పాలయ్యాక గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో కింద మృదువుగా రుద్దండి. మూడు వారాలదాకా ఆ స్పర్శ లేకపోతే మూత్రం, మలం రావు. తల్లి నాకేది ఇందుకే. చాలామంది ఇది తెలియక, పాలు బాగానే తాగిన పిల్లని పోగొట్టుకుంటారు.

రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. రోజుకి 5 నుంచి 10 శాతం బరువు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే జాగ్రత్త పడండి, తగ్గితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రెండు వారాలకి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తొలి టీకా. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే మట్టిలో దింపకండి, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ ఆ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కి అది చావదు, పైగా ఫినాయిల్ పిల్లలకి విషం. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్ళు కలిపి తుడిచి, నేల ఆరాకే పిల్లల్ని వదలండి.

పొట్ట ఉబ్బిన పిల్ల ఒళ్ళు వెచ్చబడ్డాక కూడా మూలుగు ఆపకపోతే ఇంట్లో ప్రయోగాలు వద్దు. దగ్గర్లోని పశువైద్యుడికి గానీ, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ తీసుకెళ్ళండి. దారిలో కూడా నీళ్ళ సీసా పెట్టెలోనే ఉండాలి.